మాట ఒకటే, కొలత వేరు

ఊరు మారినప్పుడు మనిషి తన వెంట తెచ్చుకొనే సంపదలో కొలతల మాటలు కూడా ఉంటాయి. కుంట, సెంటు, గజం, అంకణం, తులం, మణుగు అనే మాటలు మనతోపాటు పాపారపట్టికి వచ్చాయి. అయితే మాట వచ్చినంత మాత్రాన దాని పరిమాణం కూడా వచ్చినట్లు కాదు. ఒకే పేరు రెండు ప్రాంతాలలో రెండు పరిమాణాలను సూచించవచ్చు. ఒకే పరిమాణానికి రెండు పేర్లు ఉండవచ్చు. ఇంటి స్థలం కొనేటప్పుడు, కౌలు ఒప్పందంపై సంతకం చేసేటప్పుడు, నగ చేయించుకొనేటప్పుడు ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది కొత్తగా వచ్చినవారే.

తొలినాటి కొలతలకు ఆధారం మనిషి దేహం. బెత్తెడు, జాన, మూర, బార అన్నీ చేతి కొలతలే. పూలమ్మే ఆమె నేటికీ మూర లెక్కనే మాల కొలుస్తుంది. తమిళంలో దానినే మొళం అంటారు. చేయి పొడవును బట్టి మూర మారుతుంది. ధాన్యాన్ని పాత్రలతో కొలిచేవారు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని మన పెద్దలు లెక్క చెప్పేవారు. తమిళనాడులో ఆ స్థానం పడిది, మరక్కాల్‌ది. పాత్రను అంచు వరకే నింపాలా, పైన కుప్పగా పోయాలా అన్నది మరొక తగవు.

బరువుల సంగతీ అంతే. దక్షిణాదిన 24 తులాలు ఒక సేరు, 5 సేర్లు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. ఈ లెక్కన వీశె సుమారు 1.4 కిలోలు, మద్రాసు మణుగు 11 కిలోలకు కొంచెం ఎక్కువ. బెంగాల్‌లో సేరుకు 80 తులాలు. 40 సేర్ల మణుగు 37 కిలోలు దాటుతుంది. మణుగు అనే ఒక్క మాటకు మూడు రెట్లకు పైగా అంతరం ఉన్నప్పుడు దేశమంతటా వ్యాపారం సాగడం కష్టం. అందుకే 1956లో భారత ప్రభుత్వం తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము, మీటరు, లీటరు దశలవారీగా అమలులోకి వచ్చాయి. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో రూపుదిద్దుకొన్న ఈ దశాంశ పద్ధతిలో ప్రతి మెట్టూ పదింతలే కనుక లెక్క సులభం.

భూమి కొలతల విషయంలో ధర్మపురికీ తెలుగు నేలకూ ఒక పాత బంధం ఉంది. 1792లో శ్రీరంగపట్టణం సంధి ద్వారా టిప్పు సుల్తాను నుండి బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైంది. అక్కడ అలెగ్జాండర్ రీడ్ ఆధ్వర్యంలో పొలాలను సర్వే చేసి శిస్తు నిర్ణయించిన అధికారులలో థామస్ మన్రో ఒకరు. 1799 వరకు ఈ ప్రాంతంలో పనిచేసిన ఆయన, 1800లో నేటి రాయలసీమ అయిన దత్తమండలాలకు కలెక్టరుగా వెళ్లారు. అక్కడి సర్వేలో 33 అడుగుల గొలుసు వాడారు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు గల చతురస్రం 1,089 చదరపు అడుగులు, అంటే 121 చదరపు గజాలు. మనం కుంట అనేది ఇదే. ఇటువంటివి 40 అయితే ఒక ఎకరం. ఎకరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక సెంటు, అంటే 435.6 చదరపు అడుగులు. కనుక కుంటకు రెండున్నర సెంట్లు.

తమిళనాడు పట్టాలో మాత్రం విస్తీర్ణం హెక్టారు, ఆర్ లెక్కలో ఉంటుంది. ఒక ఆర్ అంటే 100 చదరపు మీటర్లు, సుమారు 1,076 చదరపు అడుగులు, దాదాపు 2.47 సెంట్లు. నూరు ఆర్‌లు ఒక హెక్టారు. అది సుమారు 2.47 ఎకరాలు. పట్టాలో ‘0 - 04.00’ అని ఉంటే అది నాలుగు సెంట్లు కాదు, నాలుగు ఆర్‌లు. అంటే 10 సెంట్లకు కొంచెం తక్కువ. ఆర్, కుంట పరిమాణంలో దగ్గరగా ఉన్నా ఒకటి కావు. ఇక పట్టాలోని నంజై అంటే మాగాణి, పుంజై అంటే మెట్ట.

ఇంటి స్థలాల వద్ద మరికొన్ని మాటలు వినబడతాయి. తమిళనాడులో ‘గ్రౌండ్’ అంటే 2,400 చదరపు అడుగులు. అది సుమారు 267 గజాలు, ఐదున్నర సెంట్లు. హైదరాబాదులో 200 గజాలు అంటే 1,800 చదరపు అడుగులు. అంకణం అంటే మొదట ఇంటిలో రెండు దూలాల నడుమ ఉండే జాగా. స్థలాల బేరంలో అది ఒకచోట 36, మరొకచోట 72 చదరపు అడుగులు. అందుచేత ధర మాట్లాడే ముందు ‘చదరపు అడుగులలో ఎంత?’ అని అడగండి. ఒప్పందంలో ఆ సంఖ్యను చదరపు మీటర్లతో సహా రాయించండి. దానిని పట్టాతోను, సర్వే నక్షాతోను సరిచూసుకోండి.

బంగారానికీ ఇదే సూత్రం. పాత తులం 11.66 గ్రాములు, నేడు హైదరాబాదు బజారులో తులం అంటే 10 గ్రాములు. ఇక్కడ సవరన్ లేదా పవున్ అంటే 8 గ్రాములు, అంటే మన కాసుతో సమానం. తులం ధరను సవరన్ ధరతో నేరుగా పోల్చకండి. రెండింటినీ గ్రాముకు తెచ్చి చూడండి.

2009లో వచ్చి 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం వ్యాపారంలో ధరనూ పరిమాణాన్నీ మెట్రిక్ ప్రమాణాలలోనే ప్రకటించాలి. దుకాణంలోని తూకపురాళ్లకు, త్రాసులకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ త్రాసును ఏటా తనిఖీ చేయించాలి. సరుకు వేయకముందే త్రాసు సున్నా చూపుతున్నదో లేదో గమనించడం కొనుగోలుదారుని హక్కు. తూకంపై అనుమానం కలిగితే తమిళనాడులో ఫిర్యాదు స్వీకరించేది కార్మిక శాఖ.

ఇంట్లో మూర, సోల, కుంట అనే మాటలు వాడుకోవడంలో తప్పు లేదు. అవి మన భాషా సంపద. కాని డబ్బు చేతులు మారే చోట, సంతకం పెట్టే చోట మాట పక్కన మెట్రిక్ అంకె కూడా ఉండాలి. రెండు భాషలవారి మధ్య తగవు రాకుండా కాపాడేది ఆ అంకెయే.