యువ న్యాయవాదులు: కోర్టు హాలు, ఊరి సదస్సు

రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్న యువ న్యాయవాదులు సాధారణంగా ఒక సీనియర్ వద్ద జూనియర్లుగా చేరి, వాయిదాలు కోరడం, దావా పత్రాలు సిద్ధం చేయడం వంటి పనులతో వృత్తిని నేర్చుకుంటారు. ఈ దశలో రాబడి ఎంత స్వల్పమంటే, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పథకం కింద జూనియర్లకు నెలకు 5,000 రూపాయల భృతి మొదలుపెట్టింది. వృత్తిపరంగా స్థానిక న్యాయవాదుల సంఘాలు చేయదగిన ముఖ్యమైన పని అధ్యయన తరగతులు. 2024 జూలై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చాక, సెక్షన్ల సంఖ్యల విషయంలో సీనియర్లూ మళ్లీ విద్యార్థులే అయ్యారు.

న్యాయవాదుల సామాజిక సేవకు పునాది 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం. దాని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఈ సంగతి తెలియజేసేందుకే గ్రామాలలో న్యాయ విజ్ఞాన సదస్సులు జరుగుతాయి. అవి ఉపన్యాసాలతో ముగియక, అక్కడికక్కడే దరఖాస్తు రాసిపెట్టేవరకు సాగితేనే ప్రయోజనం. ఇదే చట్టం కింద, రాజీకి వీలైన తగాదాలను పరిష్కరించే లోక్ అదాలత్ తీర్పునకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కోర్టులోని కేసు అక్కడ పరిష్కారమైతే చెల్లించిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది.