ఉప్పు ఇటుకను ఎందుకు తినేస్తుంది?

ఇటలీలోని వెనిస్ పక్కనే శాన్ మికేలె అనే చిన్న దీవి ఉంది. 1469లో మౌరో కొడూసి అనే వాస్తుశిల్పి అక్కడ చర్చి కట్టడం మొదలుపెట్టాడు. వెనిస్‌లో అప్పటికి కొసదేలిన తోరణాలదే రాజ్యం. ఆయన మాత్రం పాత రోమన్ పద్ధతిలో గుండ్రని తోరణం పెట్టి, ముఖభాగమంతా తెల్లరాయితో తీర్చాడు. వెనిస్‌లో తొలి రినైసాన్స్ చర్చి ఇదే. ఎంత ధైర్యం!

ఆ రాయే ఎందుకు? అది ఇస్ట్రియా సున్నపురాయి. చాలా గట్టిది, నీటిని పెద్దగా పీల్చదు. ఇటుక అలా కాదు. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు, సన్నని రంధ్రాల గుండా ఉప్పునీరు పైకి పాకుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోయి స్ఫటికాలవుతుంది. అవి పెరుగుతూ ఇటుకను లోపలినుంచి నెడతాయి. పైపొర పొడిగా రాలిపోతుంది.

మరి ఇలాంటి గోడలను బాగుచేయడం ఎలా? కాగితపు గుజ్జును శుద్ధమైన నీటితో తడిపి గోడకు మెత్తుతారు. అది ఆరేకొద్దీ ఉప్పు గుజ్జులోకి వస్తుంది. తీసేసి, మళ్లీ కొత్తది మెత్తుతారు. ఎంతో ఓపిక కావాలి. అతుకులకు సిమెంటు వద్దు, తేమను లోపలే బంధిస్తుంది. పాతకాలపు సున్నమే మేలు.

మీ ఊళ్లో పాత ఇటుకగోడ అడుగున తెల్లటి పొడి కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి. చాలావరకు అదీ ఉప్పు పనే.