నాజీల దెబ్బకు మూతపడిన స్కూల్.. మన ఫోన్ ఐకాన్లదాకా ఎలా వచ్చింది? బౌహౌస్ కథ ఇదీ!

ఫోన్ తెరవగానే కనిపించే యాప్ ఐకాన్లు, స్టేషన్లలో దారి చూపే బోర్డులు, బ్యాంకుల లోగోలు.. వీటిలో చాలావాటికి ఒక పోలిక ఉంటుంది. పూలు, లతలు, నగిషీలు ఉండవు. ఒక గుండ్రం, ఒక చతురస్రం, సాదా అక్షరం, చుట్టూ ఖాళీ జాగా. అంతే. ఇది నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు. వందేళ్ల క్రితం జర్మనీలో బలపడిన ఆలోచన ఇది. దాన్ని నేర్పిన స్కూల్ మూతపడింది. అక్కడివాళ్లలో కొందరు దేశం విడిచారు, ఇంకొందరు నిర్బంధ శిబిరాల పాలయ్యారు.

అంతకుముందు డిజైన్ ఎలా ఉండేది?

19వ శతాబ్దంలో ఫ్యాక్టరీలు, ప్రింటింగ్ మెషీన్లు పెరిగాయి. యంత్రం చేసిన సరుకులో అందం లేదని, చేతిపనే గొప్పదని ఇంగ్లండ్‌లో విలియం మోరిస్ వాదించారు. అదే ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం. 1891లో ఆయన పెట్టిన కెల్మ్‌స్కాట్ ప్రెస్ పుస్తకాల్లో పేజీ చుట్టూ తీగలు అల్లుకుని ఉంటాయి. చిక్కేంటంటే.. అంత ఖరీదైన పుస్తకాలు కొనగలిగేది డబ్బున్నవాళ్లే.

పారిస్‌లో మాత్రం కళ గోడలెక్కింది. ఆల్ఫోన్స్ మూచా లాంటివాళ్లు నాటకాలకు, సరుకులకు పోస్టర్లు గీశారు. ఒంపులు తిరిగే జుట్టు, పూలు, మెలికలు.. ఈ శైలి పేరు ఆర్ట్ నూవో.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సీన్ మారింది. రష్యా అంతర్యుద్ధంలో ఎల్ లిసిట్జ్కీ గీసిన పోస్టర్‌లో ఒక ఎర్ర త్రిభుజం తెల్ల గుండ్రంలోకి దూసుకెళ్తుంది. ఎవరు ఎవరిని కొడుతున్నారో చూడగానే తెలిసిపోతుంది. బొమ్మంటే అలంకారం కాదు, పనిచేసే వస్తువు అన్న ఈ ధోరణే కన్‌స్ట్రక్టివిజం.

బౌహౌస్‌లో ఏం నేర్పారు?

1919లో వైమర్ నగరంలో ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ మొదలుపెట్టారు. పాల్ క్లీ, కాండిన్‌స్కీ లాంటి పెద్ద చిత్రకారులు అక్కడ పాఠాలు చెప్పారు. 1922లోనే వీళ్ల పనులు కోల్‌కతాలో ప్రదర్శనకు వచ్చాయి. మొదట్లో చేతిపని మీదే దృష్టి పెట్టిన స్కూల్, 1923 నాటికి యంత్రంతో చేతులు కలిపింది. మంచి డిజైన్ ఫ్యాక్టరీలో తయారై అందరికీ అందాలన్నది లక్ష్యం.

1925లో స్కూల్ డెసావ్‌కు మారింది. అక్కడ ప్రింటింగ్ విభాగం చూసిన హెర్బర్ట్ బేయర్ ఒక సూటి ప్రశ్న వేశారు. ఒకే శబ్దానికి పెద్దక్షరం ఒకటి, చిన్నక్షరం ఒకటి ఎందుకు? తెలుగులో మనకు ఈ గొడవే లేదు. కానీ జర్మన్‌లో ప్రతి నామవాచకం పెద్దక్షరంతో మొదలవ్వాల్సిందే. బౌహౌస్ పెద్దక్షరాలను పూర్తిగా వదిలేసింది. అప్పట్లో జర్మన్లు బాగా వాడే కొక్కేల గోథిక్ అక్షరాలను కూడా పక్కన పెట్టింది.

నాజీలకు ఎందుకు నచ్చలేదు?

వాళ్ల దృష్టిలో ఇది జర్మన్ సంప్రదాయం కాదు, విదేశీ సరుకు, కమ్యూనిస్టుల అడ్డా. 1932లో నాజీల పట్టులో ఉన్న డెసావ్ నగర కౌన్సిల్ స్కూల్‌ను మూయించింది. అప్పటి డైరెక్టర్ మీస్ వాన్ డెర్ రో బెర్లిన్‌లో ఒక పాత ఫ్యాక్టరీలో మళ్లీ తెరిచారు. 1933 ఏప్రిల్‌లో పోలీసులు వచ్చి సీల్ వేశారు. జులైలో టీచర్లే ఇక మూసేద్దామని నిర్ణయించారు.

బౌహౌస్ ప్రభావంతో కొత్త టైపోగ్రఫీ మీద 1928లో పుస్తకం రాసిన యాన్ చికోల్డ్‌ను కూడా 1933లోనే అరెస్టు చేశారు. బయటికొచ్చాక ఆయన కుటుంబంతో స్విట్జర్లాండ్ వెళ్లిపోయారు.

అసలు ట్విస్ట్ ఏంటంటే.. అసలైన జర్మన్ లిపి అంటూ నెత్తిన పెట్టుకున్న గోథిక్ అక్షరాలను నాజీలే 1941లో వద్దన్నారు. అవి యూదుల అక్షరాలని ఆ ఆదేశంలో రాశారు. ఆ మాటకు చరిత్రలో ఆధారం లేదు.

శిబిరం గేటు మీద అక్షరాలు

బౌహౌస్‌లో చదివిన ఫ్రాంజ్ ఎర్లిఖ్ నాజీలను ఎదిరించి జైలుపాలయ్యారు. అక్కడి నుంచి బుకెన్‌వాల్డ్ శిబిరానికి పంపారు. ఇనుప గేటు మీద రాత డిజైన్ చేసే పని ఆయన మీదే పడింది. 'ఎవరికి తగింది వాళ్లకి' అని అర్థమొచ్చే మాట అది. లోపలున్న ఖైదీలకు కనబడేలా పెట్టారు. ఎర్లిఖ్ దాన్ని బౌహౌస్ శైలిలో, తన గురువుల అక్షరాల పోలికతో గీశారు. నాజీలు ఛీకొట్టిన శైలి వాళ్ల గేటు మీదే ఉండిపోయింది.

మన దేశం దాకా ఎలా వచ్చింది?

స్కూల్ మూతపడినా మనుషులు మిగిలారు. గ్రోపియస్, బేయర్, మీస్ అమెరికా వెళ్లారు. స్విట్జర్లాండ్‌లో డిజైనర్లు పేజీని గళ్లుగా విడగొట్టి అమర్చే పద్ధతిని స్థిరపరిచారు. 1957లో అక్కడే హెల్వెటికా అక్షరం పుట్టింది.

జర్మనీలోని ఉల్మ్‌లో 1953లో మరో డిజైన్ స్కూల్ మొదలైంది. దాన్ని పెట్టినవాళ్లలో ఇంగే షోల్ ఒకరు. ఆమె తమ్ముడు హాన్స్, చెల్లెలు సోఫీని 1943లో నాజీలు తల నరికి చంపారు. 1961లో అహ్మదాబాద్‌లో ఏర్పాటైన ఎన్‌ఐడీ మీద ఈ ఉల్మ్ స్కూల్ ప్రభావం బలంగా ఉంది. స్టేట్ బ్యాంక్ నీలం గుండ్రం, దూరదర్శన్ కన్ను లోగో ఎన్‌ఐడీ నుంచి వచ్చినవే.

వైమర్, డెసావ్‌లలోని బౌహౌస్ భవనాలు 1996 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. బుకెన్‌వాల్డ్ ఇప్పుడు స్మారక స్థలం. ఎర్లిఖ్ గీసిన ఆ అక్షరాలు గేటు మీద ఇప్పటికీ కనిపిస్తాయి.