కార్డు చెప్పని విషం

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఐదు సెంట్ల స్థలం చవగ్గా వస్తోందని మా చిన్నాయన ఫోన్ చేశాడు. "ఇల్లు కట్టుకుని, వెనక నాలుగు వంగ మొక్కలు, ఆకుకూరలు వేసుకుంటాం. మట్టి టెస్టు చేయిస్తే చాలు గదా అబ్బీ?" అన్నాడు. అంతకుముందు అక్కడ ఏముండేదని అడిగా. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవాళ్లట. నా గుండె గుభేలుమంది.

మట్టి టెస్టు అనగానే మనకు గుర్తొచ్చేది 2015లో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డు. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, సేంద్రియ కర్బనం... ఇలా 12 అంశాలు అందులో ఉంటాయి. ఎరువు ఎంత వేయాలో తేల్చుకోవడానికి రైతుకు అది బాగా పనికొస్తుంది. కానీ సీసం, ఆర్సెనిక్, కాడ్మియం ఆ లిస్టులో లేవు. మట్టికి ఏం తక్కువైందో కార్డు చెబుతుంది, అందులో ఏ విషం కలిసిందో చెప్పదు.

అది చెప్పే పరికరం వేరే ఉంది. పేరు ఎక్స్‌ఆర్ఎఫ్. చూడ్డానికి షాపులో బార్‌కోడ్ స్కానర్‌లా ఉంటుంది. మట్టికి ఆనించి మీట నొక్కితే ఎక్స్-కిరణాలు పడతాయి. ఒక్కో లోహం తనకే సొంతమైన శక్తితో కిరణాలు తిరిగి పంపుతుంది. వాటిని బట్టి ఏ లోహం ఎంత ఉందో ఒకట్రెండు నిమిషాల్లో అక్కడికక్కడే తెలుస్తుంది.

అయితే దానికీ ఇబ్బందులున్నాయి. మట్టిలో తేమ 20 శాతం దాటితే లెక్క తప్పుతుంది. నంద్యాల వైపు నల్లరేగడి నీటిని పట్టుకుని ఓ పట్టాన వదలదు కాబట్టి ముందు ఆరబెట్టి, జల్లించాల్సిందే. సీసం, ఆర్సెనిక్ పంపే కిరణాల శక్తి దాదాపు ఒకటే. అందుకే సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్ అంకెను గుడ్డిగా నమ్మకూడదు. పురుగుమందుల అవశేషాలు దీనికి దొరకవు. పైగా ఎక్స్-రే పరికరం కాబట్టి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లే వాడాలి. ఎక్కడ అనుమానించాలో ఇది చూపిస్తుంది, ఖాయం చేయాల్సింది ల్యాబే.

ఇంత హైరానా ఎందుకంటారా? సీసం కుళ్లిపోదు, ఆవిరైపోదు. బంకమట్టిని పట్టుకుని పైపొరలోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పిల్లలు ఆడేది ఆ మట్టిలోనే, చేతులు నోట్లో పెట్టుకునేదీ వాళ్లే. సీసం దెబ్బ వాళ్ల మెదడు మీద పడుతుంది. అందుకే అమెరికా ఇళ్ల దగ్గర మట్టికి అనుమాన హద్దును 2024లో కిలోకు 400 మిల్లీగ్రాముల నుంచి 200కు తగ్గించింది.

చిన్నాయనకు ఒకటే చెప్పా. "ఐదారు చోట్ల పైమట్టి తీసి, వేర్వేరు కవర్లలో పెట్టు. సీసం పరీక్ష చేసే ఎన్ఏబీఎల్ గుర్తింపు ల్యాబ్‌కు పంపుదాం. రిపోర్టు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మనవరాలు మట్టిలో ఆడుకునే వయసు గదా, ఆగుదాంలే" అన్నాడు.