తగిరిసా, కసివిందా?

మృగశిర దాటి రెండు వానలు పడితే చాలు, మా కాలనీ వెనక ఖాళీ స్థలమంతా తగిరిస మొలిచేస్తుంది. మా అత్తగారు దాన్ని తంటెం అంటారు. లేత చిగుళ్లు గిల్లి తెచ్చి, పెసరపప్పు వేసి పొడికూర చేస్తారు. నిరుడు మోకాళ్ల నొప్పులతో ఆ పని నాకు అప్పజెప్పారు. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని కదా, ధీమాగా సంచి నింపుకొచ్చాను. ఆవిడ చాటలో పోసుకుని ఏరుతూ రెండు రెమ్మలు పక్కకు విసిరేశారు.

"ఇవి కసివిందలే అమ్మాయ్! పుస్తకంలో బొమ్మే చూశావా, ఆకు చూళ్లేదా?"

చూళ్లేదు. పసుపుపచ్చ పూలు చూసి కోసేశాను. రెండూ చిక్కుడు కుటుంబానివే, తంగేడుకు దగ్గరి చుట్టాలు. తేడా ఆకులో ఉంది. తగిరిస ఆకుకు మామూలుగా మూడు జతల చిట్టాకులు. మొదట సన్నగా మొదలై కొసకు వెడల్పవుతాయి, కొస గుండ్రం. కసివిందకు నాలుగు నుంచి ఆరు జతలు, ప్రతి చిట్టాకూ మొనదేలి ఉంటుంది. కాయలొచ్చాక అసలు తికమకే లేదు: తగిరిసది సన్నగా కొడవలిలా వంగిన కాయ, కసివిందది బల్లపరుపు కాయ, అంచులు లేత రంగులో ఉంటాయి.

ఇదంతా చాదస్తం కాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పసిపిల్లల్ని ఏటా బలిగొన్న ఒక జబ్బుకు కసివింద గింజలు తినడంతో సంబంధం ఉందని 2007లో వెలువడిన పరిశోధన చూపింది. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఆటల్లో కాయలు వొలుచుకు తినే వయసు పిల్లలకే ప్రమాదమెక్కువ.

ఆ సాయంత్రం పౌరుషం కొద్దీ భూతద్దం తీశాను. ఎందుకంటే తగిరిస అని మనం పిలిచేదే రెండు మొక్కలు! వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లోనే వాటికి రెండు పేర్లు పెట్టాడు: టోరా, ఆబ్టుసిఫోలియా. తర్వాతివాళ్లు చాలామంది రెండిటినీ కలిపేశారు. చిట్టాకుల జతల మధ్య, కాడ మీద, నారింజ రంగు సన్నటి పుల్లముక్కలాంటి గ్రంథి ఉంటుంది. కింది రెండు జతల దగ్గరా ఉంటే టోరా, అట్టడుగు జత దగ్గర మాత్రమే ఉంటే ఆబ్టుసిఫోలియా. గింజ దొరికితే ఇంకా తేలిక. పక్కల ఉండే లేతరంగు చార టోరాకు వెడల్పు, రెండోదానికి దారమంత సన్నం. టోరాకు ఇప్పుడు వాడే సెన్నా టోరా అన్న పేరు రాక్స్‌బర్గ్‌ది. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచి పరిశీలించిన ఆయనే.

వంటింటికి ఈ భేదం పట్టదు. సూడాన్‌లో ఆబ్టుసిఫోలియా ఆకుల్ని దంచి పులియబెట్టి 'కవల్' చేస్తారు, మాంసం బదులుగా కూరలో వేస్తారు. అన్నట్టు, చిక్కుడు కుటుంబమే కదా, వేళ్లకు బుడిపెలుంటాయని ఒకసారి క్లాసులో తగిరిసను పీకి చూపించబోయి అభాసుపాలయ్యాను. తగిరిసకు నత్రజని బుడిపెలు ఉండవు.

ఈ వానాకాలం మీరూ చిగుళ్లు కోస్తారేమో. గ్రంథుల గొడవ నాకొదిలేయండి. చిట్టాకు కొస మొనదేలి ఉంటే మాత్రం కోయకండి, పిల్లల్ని ఆ కాయలు ముట్టుకోనివ్వకండి.