'అన్‌చెయిన్డ్ మెలొడీ': జైలును వదిలిన పాట

ఒక గాయకునికో, ఒక సినిమాకో పరిమితం కాకుండా తరతరాల గాయకులు మళ్ళీ మళ్ళీ పాడుకునే పాటను అమెరికా సంగీత రంగంలో 'స్టాండర్డ్' అంటారు. అలాంటి వాటిలో 'అన్‌చెయిన్డ్ మెలొడీ' ఒకటి. ప్రేమగీతంగా ప్రసిద్ధి పొందిన ఈ పాట పుట్టింది ఒక జైలు కథలో అని తెలిస్తే మీరు ఆశ్చర్యపోవచ్చు.

1955లో 'అన్‌చెయిన్డ్' అనే అమెరికన్ సినిమా వచ్చింది. ఆ మాటకు 'సంకెళ్ళు తొలగిన' అని అర్థం. కాలిఫోర్నియాలోని చీనోలో, గోడలు లేని జైలుగా పేరుపడిన చోట కథ జరుగుతుంది. పారిపోవాలా, శిక్ష పూర్తిచేసి ఇంటికి వెళ్ళాలా అన్నదే కథానాయకుని సమస్య. పాటకు సంగీతం అలెక్స్ నార్త్, రచన హై జారెట్. ఖైదీ పాత్రధారి టాడ్ డంకన్ దీనిని పాడారు.

సినిమా మరుగున పడింది, పాట నిలిచింది. కారణం ఏమిటి? పాటలో జైలు లేదు, సంకెళ్ళు లేవు. శీర్షికలోని మాట కూడా పాటలో ఎక్కడా వినిపించదు! దూరాన ఉన్న మనిషి కోసం తపన, కదలని కాలం, తనను ఇంకా తలుస్తున్నారా అనే సంశయం మాత్రమే ఉన్నాయి. ఎడబాటుకు కారణం చెప్పకపోవడం వల్ల వినేవారు ఎవరి కారణం వారు పూరించుకుంటారు. సైనికుని భార్యకైనా, పొట్టకూటికి ఊరు విడిచినవారికైనా అది తమ పాటే అవుతుంది. మన కావ్యాలలోని విరహాన్ని చదివిన మీకు ఇది కొత్త కాదు.

బాణీ కూడా ఈ తపననే మోస్తుంది. రైటియస్ బ్రదర్స్ పేరిట వచ్చిన 1965 నాటి రికార్డులో నిజానికి పాడింది బాబీ హాట్‌ఫీల్డ్ ఒక్కరే. గొంతు కింది స్థాయిలో నెమ్మదిగా మొదలై చివర తారస్థాయిని అందుకుంటుంది. అందుకునేది ప్రేమ దక్కిన చోట కాదు, అది తనకు కావాలని వేడుకునే చోట.

1990లో 'ఘోస్ట్' సినిమాలో, కుమ్మరి సారె దగ్గర ప్రేమికులు కూర్చున్న దృశ్యానికి ఈ రికార్డునే వాడారు. ఆ కథలో నాయకుడు హత్యకు గురవుతాడు. ఎడబాటుకు ఈసారి కారణం మరణం. పాటలో ఒక్క మాటా మార్చనవసరం లేకపోయింది. ఆ ఏడాది బ్రిటన్‌లో అది ప్రథమ స్థానం పొందింది. అదే దేశంలో 1955లో జిమ్మీ యంగ్, 1995లో రాబ్సన్-జెరోమ్, 2002లో గారెత్ గేట్స్ పాడినవీ ఆ స్థానానికి చేరాయి. అన్నీ ఒకే స్థాయివి అనలేము.

వీలైతే డంకన్, హాట్‌ఫీల్డ్ పాడినవి రెండూ వినండి. ఖైదీ గొంతులో వినిపించి, ప్రేమికుని గొంతులో వినిపించనిది ఏమిటో మీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలలో రాయండి.