పదో తరగతి లెక్క ఏడో తరగతిలో ఆగింది

వర్గ సమీకరణం సూత్రం అడిగితే పదో తరగతి పిల్లాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూటాఫ్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, బై టూ ఏ. ఇచ్చిన లెక్కలో బి విలువ మైనస్ 5. సూత్రంలో ముందే ఒక మైనస్ ఉంది. రెండు మైనస్‌లు పక్కపక్కన పడేసరికి పెన్ను ఆగుతుంది. పక్కవాడి నోట్సు వంక ఓసారి చూసి, మైనస్ 5 అనే వేసేసి ముందుకు పోతాడు. అక్కణ్నుంచి కింద రాసిందంతా తప్పే. ఆ తప్పు పుట్టింది పదిలో కాదు, రుణ సంఖ్యల గుణకారం నేర్పిన ఏడో తరగతిలో.

కామారెడ్డిలోనైనా, తాడ్వాయి, లింగంపేట దాటి ఎల్లారెడ్డి పోయినా, పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే సర్కారు బడుల్లో ప్రత్యేక తరగతుల హడావుడే. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు, స్లిప్ టెస్టులు, మోడల్ పేపర్లు. టీచర్ల కష్టాన్ని తీసిపారేయలేం. తెలంగాణలో పదో తరగతి ఉత్తీర్ణత 2023లో 86.60 శాతం, 2025లో 92.78. అందులో ఈ తరగతుల వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది. కానీ ఆ కొన్ని వారాల్లో జరిగేది పాసు మార్కుల వేట. గ్రాఫు వదలకు, పాచికల లెక్క చూసుకో, సమితులు తేలిక. వేట ఫలించిన పిల్ల కూడా ఇంటర్‌లో ఎంపీసీ అంటే ఆమడ దూరం పారిపోతుంది.

ఇది ఒక్క జిల్లా కథేమీ కాదు. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద 2023లో చేసిన అసర్ సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43.3 శాతమే. ఆరు నుంచి తొమ్మిది తరగతుల కోసం తెలంగాణ విద్యాశాఖ ‘ఉన్నతి’ కార్యక్రమం తెచ్చింది కూడా ఈ గుంటలు పూడ్చడానికే. చిక్కల్లా, సిలబస్ పూర్తి చేయాల్సిందీ గుంటలు పూడ్చాల్సిందీ ఆ ఒక్క లెక్కల సారే. పైగా 2022-23 నుంచి మొదలైన ఇంగ్లిష్ మీడియం. పాఠ్యపుస్తకంలో ఓ పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. లెక్క రాక ఆగాడో, ప్రశ్న అర్థంగాక ఆగాడో పక్కన కూర్చుంటే తప్ప తెలియదు.

పక్కన కూర్చోబెట్టి చూసినవాళ్లున్నారు. 2001-03 నడుమ వడోదర, ముంబయి బడుల్లో ప్రథమ్ సంస్థ స్థానిక యువతులను ‘బాలసఖి’లుగా పెట్టింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డవాళ్లను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెడితే నేర్చుకున్నారు. ఆ యువతులు బీఈడీలు చేసినవాళ్లు కాదు. షికాగో హైస్కూళ్లలో ఇద్దరు పిల్లలకో ట్యూటర్‌ను ఇచ్చి, బడివేళల్లోనే రోజూ ఒక పీరియడ్ కేటాయించారు. లెక్కల్లో తప్పడం దాదాపు సగానికి తగ్గింది. బడివేళల్లోనే అన్నది మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. సాయంత్రం ఆరింటికి క్లాసు వదిలితే గాంధారి వైపు తండాల ఆడపిల్ల ఇల్లు చేరేదెట్లా?

ఇక తల్లిదండ్రులు. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాట ముందు. పాతిక బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కార్ఖానాలో తూకం వేసిన ఆకు తక్కువ పడితే ఎన్ని కట్టలకు గండి పడుతుందో కాగితం లేకుండా చెప్పేస్తుంది. ఆ తల్లే బడికి వస్తే, ‘‘నాకు లెక్కలేం తెలుస్తయి సారూ, మీరే జర చూసుకోవాలె’’ అంటుంది. నెలకోసారి, మూడో శనివారం పెట్టే పేరెంట్స్ మీటింగ్‌లో ఆమె చేత సంతకం చేయించుకుంటాం, ‘ఇంకా బాగా చదవాలి’ అని చెప్పి పంపుతాం. చుట్టిన బీడీలకే కూలి వచ్చే మనిషికి ఆ పూట కూలి పోయింది, చేతికొచ్చిన సమాచారం సున్నా.

తల్లిని టీచర్ చేయాల్సిన పని లేదు. ‘‘మీ బిడ్డ మైనస్ లెక్కల దగ్గర ఆగుతోంది. ఈ వారం ఈ ఐదు లెక్కలు. అయ్యాయా అని అడగండి చాలు’’ అంటే ఆమె అడగగలదు, మస్కట్ నుంచి తండ్రీ అడగగలడు. కరోనా కాలంలో, 2020లో, బోట్స్‌వానాలో పిల్లల ఇళ్లకు వారానికో లెక్క మెసేజ్ పంపి, కొన్ని ఇళ్లతో ఓ పావుగంట ఫోన్‌లోనూ మాట్లాడారు. ఫోన్ చేసిన ఇళ్లలో పిల్లలు మెరుగుపడ్డారు. మెసేజ్ ఒక్కటే పంపిన చోట పెద్దగా ఫలితం తేలలేదు. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసి పనైపోయిందనుకునే మనకు ఇది సరిగ్గా తగులుతుంది.

ట్యూటర్లు ఎక్కణ్నుంచి వస్తారంటే, భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది, కామారెడ్డిలో డిగ్రీ కాలేజీలున్నాయి. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని అక్కడ చదివే అమ్మాయిలకు పల్లెవెలుగు బస్సులో టికెట్ ఖర్చు కూడా లేదు. కావాల్సింది నెలకింత గౌరవ వేతనం, హెడ్మాస్టర్ టైమ్‌టేబుల్‌లో ఒక పీరియడ్. అదీ పరీక్షల ముందు పదో తరగతికి కాదు. జూన్‌లో బడి తెరిచిన వారమే, ఎనిమిదో తరగతికి.